కోసిన కంబం

వెనక బుల్లెట్ బండి చప్పుడు...

దగ్గరికొస్తోంది.

తృప్తి అద్దంలోకి చూడదు. చూస్తే బండి అదుపు తప్పుతుందని ఆమెకు తెలుసు. స్కూటీ యాక్సిలరేటర్ చివరిదాకా తిప్పి పట్టుకుంది. కాళ్ల మధ్య, ఫుట్‌బోర్డు మీద, చద్దర్‌లో చుట్టిన టేకు మొద్దు. మలుపు తిరిగినప్పుడల్లా అది మోకాలిని గుద్దుతోంది.

నీలం నగర్‌లో దీపాలు పెట్టే వేళ దాటి కాసేపైంది. సందుకు రెండు వైపులా పవర్‌లూమ్‌ల మోత. ఇక్కడ గొంతు చించుకుని అరిచినా పక్కింటికి వినపడదు.

"ఏయ్ పోరీ! థాంబ్! ఆగుతవా, గుద్దుమంటవా?"

మంగేశ్!

గోవర్ధన్ సేఠ్‌కు అన్న కొడుకు. సేఠ్ కార్ఖానాల్లో ఏ కూలీ నోరెత్తినా ముందు ఊడిపడేది వీడే. చదువు అబ్బలేదు, మగ్గం రాలేదు, బెదిరించడం ఒక్కటి వచ్చింది.

ఎదురుగా టవళ్ల మూటలతో టెంపో. సందు సందంతా అదే.

తృప్తి బ్రేకు వెయ్యదు. గోడకూ టెంపోకూ మధ్య సందులో దూరిపోతుంది. మోచెయ్యి గోడకు గీసుకుంది. చర్మం లేచింది. మంట!

బుల్లెట్ ఆగింది. వెనక బూతులు.

ఊపిరి తీసుకోవడానికి అంత చాలు.

ఈ మొద్దు ఉంటే నాయన బయటికొస్తాడు. లేకపోతే జైలుకు పోతాడు. ఆమెకు తెలిసిన లెక్క ఇంతే.

పోయిన వారం సేఠ్ షెడ్డులో అటక కూలింది. పైనున్న నూలు బస్తాలతో సహా కూలింది. కింద కూర్చుని కండెలు చుడుతున్న నర్సమ్మ మీద పడింది. ఆస్పత్రిలో ఆమె కుడికాలు తీసేశారు.

షెడ్డు సేఠ్‌ది. కిరాయికి నడిపేది తృప్తి తండ్రి సిద్ధరాములు. దీపావళి పాడ్యమినాడు తాళంచెవి అందుకున్నాడు.

అటకను మోసే టేకు కంబం కింది భాగాన్ని ఎవరో రంపంతో కోసేశారు. కొత్త మగ్గానికి జాగా చాలలేదని! దాని బదులు సన్నటి ఇనుప పైపు నిలబెట్టారు. ఆ పైపే జారింది.

మరి కోసిందెవరు?

"కిరాయిదారు" అన్నాడు సేఠ్. పోలీసుల ముందు అన్నాడు. కులపెద్దల ముందు అన్నాడు. పేపర్ వాళ్లను పిలిచి చాయ్ పోసి మరీ అన్నాడు.

ఆ రాత్రే సిద్ధరాములును లాకప్‌లో వేశారు.

నిన్న ఆస్పత్రి మంచం మీద నర్సమ్మ తృప్తి చెయ్యి పట్టుకుంది. "కోసిన ముక్క సేఠాని దేవునర్రల ఉన్నది బిడ్డా. నవరాత్రులల్ల పసుపు కుంకుమకు పిలిస్తే పోయిన. ఈ చేత్తోనే దానికి బొట్టు పెట్టిన."

నవరాత్రులు ముందు. దీపావళి తర్వాత.

అంటే సిద్ధరాములు షెడ్డులో కాలు పెట్టేనాటికే కంబం కోసేసి ఉంది!

ముక్కను దాచుకోవడం ఎందుకంటారా? ఆ కంబం పక్కనే సేఠ్ తండ్రి పెంటప్ప తన మొదటి మగ్గం వేశాడు. అప్పట్నుంచి ప్రతి దసరాకూ దానికి పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. పూజ అందుకున్న కట్టెను తుక్కు కింద భంగారు కొట్టుకు అమ్ముతారా? పొయ్యిలో పెడతారా? మగ్గం నేసే సాలోళ్ల ఇంట్లో అది జరగని పని. సేఠ్ కోయించాడు. అతని భార్య, సేఠాని కళావతి, ఆ ముక్కను ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది.

మనుషుల నెత్తిమీద అటకను పైపు మీద నిలబెట్టడానికి భయం లేదు. కట్టె ముక్క పారెయ్యడానికి మాత్రం భయం! థూ!

దీపం పెట్టే వేళ లక్ష్మి వస్తుందని వీధి తలుపు మూయరు. ఇవాళ ఆ తలుపులోంచి లక్ష్మికి ముందు తృప్తి వెళ్లింది. పూజగదిలోంచి మొద్దును ఎత్తుకుని వచ్చేసింది. గేటు దాటుతుంటే మంగేశ్ చూశాడు.

అశోక్ చౌక్ లైట్లు కనపడుతున్నాయి. అక్కడే, నాయన కేసు చూసే అంబాదాస్ వకీల్ ఆఫీసు. ఇంకొంచెం...

చెవిలో ఫోన్ మోగింది. ఆయనే.

"ఎక్కడున్నవ్ తృప్తి?"

"చౌక్ కాడికొచ్చిన వకీల్ సాబ్. ముక్క నా దగ్గరనే ఉన్నది."



"ఏం ముక్క?"

"కంబంది. సేఠ్ ఇంట్లకెంచి ఎత్తుకొచ్చిన."

"నీకు అకల్ ఉన్నదా? నిన్న నువ్వు చెప్పినవనే పొద్దంత కోర్టుల కూసోని సర్చ్ ఆర్డర్ తెచ్చిన. పోలీస్ మేడమ్ సాక్షానికి పంచులను ఏసుకోని బయలెల్లింది. వాళ్లు పోయి దేవునర్రల చూస్తే ఏముంటది? నీ తలకాయ ఉంటదా?"



"వాళ్లు మాయం జేస్తరనుకున్న సాబ్..."

"మాయం జేసింది నువ్వు. జర విను. నీ చేతుల ఉంటే అది ఉత్త కట్టె. ఆ ఇంట్ల దొరికితే సాక్ష్యం. ఇప్పుడు వాళ్ల వకీలు ఏమంటడు? సిద్ధరాములు కోసి ఇంట్ల దాసుకున్నడు, బిడ్డ బయటికి తీసింది అంటడు. నీ నాయిన తప్పు అసలే లేదని నేను గూడ అనను. పైపు కదులుతదని ఎరుకుండి దాని కింద మనుషులను కూసోబెట్టిండు. అండ్లకు తోడు నువ్వు ఈ పని జేసినవ్."

నాయనను ఆ మాట అన్నందుకు కోపం తన్నుకొచ్చింది. అబద్ధం కానందుకు ఇంకా కోపం.

"మరిప్పుడు ఏం జెయ్యాలె?"

"అది నేను చెప్పద్దు. నేను వకీలును. ఫోన్ పెడుతున్న."

కట్.

ముందు చౌక్. జనం, లైట్లు, ప్రాణానికి భద్రం. వెనక బుల్లెట్.

తృప్తి బ్రేకు వేసింది. టైరు కీచుమంది. బండి తిప్పింది.

వచ్చిన దారినే... ఎదురు!

మంగేశ్ హెడ్‌లైట్ కళ్లలో కొట్టింది. వాడు తనను గుద్దుతాడా? తనే వాణ్ని గుద్దుతుందా? చివరి క్షణంలో వాడే పక్కకు లాగాడు. డ్రైనేజీ అంచున బుల్లెట్ ఊగింది.

"పిచ్చి లేచిందా ఏందే నీకు?"

లేచింది. నిజమే.

మళ్లీ సందులు. మళ్లీ మగ్గాల మోత. ఈసారి మంగేశ్‌కు ఏమీ అర్థం కావడం లేదు. పారిపోయే మనిషి ఇంటికే ఎందుకు పోతోంది? అడగడానికి కూడా టైము లేదు. తరుముతున్నాడు, అంతే.

సేఠ్ ఇల్లు. గేటు బార్లా తీసి ఉంది.

లోపలికి పోయి, మొద్దు పెట్టేసి, బయటపడాలి. ఎంతసేపు పని...

వాకిట్లోనే గోవర్ధన్ సేఠ్!

తెల్ల పైజామా, చేతిలో ఫోన్, కళ్లలో నిప్పులు. తృప్తి బండి ఆపేలోపే వెనకనుంచి బుల్లెట్ వచ్చి తగిలింది. స్కూటీ పడింది. తృప్తి పడింది. మొద్దు దొర్లుతూ వెళ్లి సేఠ్ కాళ్ల దగ్గర ఆగింది.

మంగేశ్ ఆమె జుట్టు పట్టి లేపాడు. ఫోన్ లాక్కుని నేలకు కొట్టాడు. ముక్కలైంది.

"నీ అయ్యకు షెడ్డు ఇచ్చుడే నేను జేసిన పాపం" అన్నాడు సేఠ్. "కాలు పోయింది నర్సమ్మది. నీకెందుకే నొప్పి?"

"లోపట పడేది మా నాయిన."

"పడనీ. అంత జిమ్మేదారి లేనోనికి కార్ఖానా ఎందుకు?"

ఆ మాట అన్నాడు ఆ పెద్దమనిషి! పైపు కదులుతోందని సిద్ధరాములు రెండుసార్లు వచ్చి చెబితే, 'ఏం గాదు పో' అని పంపించిన నోటితోనే అన్నాడు!

తృప్తి నోరు మూసుకుంది. పళ్ల మధ్య రక్తం ఉప్పగా ఉంది. మొద్దు లోపలికి పోవాలి. వాళ్ల చేతులతోనే పోవాలి. అంతదాకా జుట్టు పీకినా సరే.

"కాకా, బండ్ల డీజిల్ ఉన్నది" అన్నాడు మంగేశ్. "ఇక్కడనే కాల్చేద్దాం. పీడ వాయె."

అయిపోయింది!

ఒక్క అగ్గిపుల్ల చాలు. మొద్దుతో పాటు నాయన బతుకూ బూడిదే.

ఫట్!

చెంపదెబ్బ. కానీ తృప్తికి కాదు. మంగేశ్‌కు!

"మా నాయిన మొక్కిన కంబంరా అది. కాలుస్తవా? కండ్లు పోతయ్." సేఠ్ చెప్పులు విప్పాడు. వంగి మొద్దును తాకి, చేతులు కళ్లకద్దుకున్నాడు. "లోపట పెట్టు. కాలు తగలనియ్యకు. పొద్దుగాల తానం జేసి భీమా నదిల కలుపుత."

మంగేశ్ చెంప రుద్దుకుంటూ మొద్దును భుజానికెత్తుకున్నాడు. లోపలికి వెళ్లాడు. దేవుడి అర్రలో దాని పాత చోట్లో దించాడు. గుమ్మంలో కళావతి పక్కకు జరిగి దారిచ్చింది. ఆ ఇంట్లో ఆమె మాట్లాడగా విన్నవాళ్లు తక్కువ.

అప్పుడు వినపడింది జీపు...

గేటు ముందు ఆగింది. సబ్ ఇన్‌స్పెక్టర్ దీపాలి దిగింది. ఈ వాడలోనే పుట్టి పెరిగిన మనిషి. వెనక ఇద్దరు పంచులు, ఒక కానిస్టేబుల్. వాళ్ల వెనక అంబాదాస్ వకీల్, ఏమీ తెలియనట్టు.

"ఏం జరుగుతుంది ఇక్కడ?"

సేఠ్ నోరు తెరిచేలోపే మంగేశ్ బయటికి దూకాడు.

"మంచిగొచ్చిన్రు మేడమ్! ఈ పోరి దొంగ. మా దేవునర్రలకెంచి కంబం ముక్క ఎత్తుకపోయింది. నేనే ఎంబడిపడి పట్టుకున్న."

సేఠ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

దీపాలి తాపీగా అడిగింది. "ఎక్కడికెంచి ఎత్తుకపోయింది?"

"మా దేవునర్రల..."

ఆగాడు. కాకా ముఖం చూశాడు. అప్పుడు వెలిగింది బుర్రలో దీపం.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. వీడు భుజం మీద మోసుకెళ్లి మరీ చూపించాడు!

"రాయి" అంది దీపాలి కానిస్టేబుల్‌తో. "ఆయన ఏ మాట అన్నడో గదే రాయి."

పంచులు లోపలికి వెళ్లారు. మొద్దు దొరికింది. ఒక చివర నున్నగా రంపపు కోత. చుట్టూ ఎండిన కుంకుమ. మిగతా సగం సీలు వేసిన షెడ్డులో, కూలిన అటకకే అతుక్కుని ఉంది. రెండూ కలిపి చూస్తే చిన్నపిల్లలకైనా తెలుస్తుంది.

తృప్తి మూతి తుడుచుకుంది. "నవరాత్రులల్లనే ఇది ఈడ ఉన్నది మేడమ్. వాడకట్టు ఆడోళ్లందరు బొట్లు పెట్టిన్రు. మా నాయిన తాళంచెవి తీసుకున్నది పాడ్యమికి. అడుగుండ్రి ఎవల్నన్న."

సేఠ్ నవ్వాడు.

భయపడాల్సిన మనిషి... నవ్వుతున్నాడు!

"సరే మేడమ్. మంచిది. జాగ ఎవలదైతే జిమ్మేదారి వాళ్లదే, అంతేనా? కానీ ఆ షెడ్డు నాది గాదు. నా పేరు మీద ఒక్క ఇటుక లేదు. కార్పొరేషన్‌ల అడుగుండ్రి." వేలు చూపించాడు. "మాల్కిన్ అగో. తీస్కపోండ్రి."

వేలు గుమ్మం వైపు ఉంది. కళావతి వైపు.

కంబం ముక్కను ఇన్నాళ్లు కాపాడిన ఒకే ఒక్క మనిషి! ఆమెనా జైలుకు పంపేది? పెళ్లాం కొంగు చాటున దాక్కునేవాళ్లను తృప్తి చాలామందిని చూసింది. పెళ్లాన్నే గోడలా నిలబెట్టేవాణ్ని ఇప్పుడే చూస్తోంది.

"నా పేరు మీదనా?" అంది కళావతి. "ఎప్పటి సంది?"

"నీకెందుకు? సంతకం పెట్టుమంటే పెట్టినవ్ గద."

"షెడ్డు నాదా?"

"కాయిదాల నీదే. నోరు మూసుకోని జీపెక్కు. పొద్దుగాల బెయిలు తెస్త."

కళావతి మెట్లు దిగింది. మెల్లగా. వచ్చి దీపాలి ముందు నిలబడింది.

"మేడమ్, నాకు సదువు రాదు. ఒక్కటి చెప్పుండ్రి. జాగ నాదైతే, నన్ను అడగకుండ నా కంబం కోస్తే తప్పా కాదా?"

దీపాలి ఒక్క క్షణం ఆమె వంక చూసింది. "తప్పే."

"కోయద్దని కాళ్లు పట్టుకున్న. ఆడిదానివి, మగ్గం సంగతి నీకేం ఎరుక అని నూకేసిండు. నన్ను అడగకుండ కోసిండు. అడగకుండ పైపు పెట్టిండు. అడగకుండ కిరాయికి ఇచ్చిండు. కేసు నేను పెడుత. రాసుకోండ్రి."

"కళా!" సేఠ్ గొంతు చీలిపోయింది. "ఏం మాట్లాడుతున్నవే?"

ఆమె అటు తిరగలేదు.

"పేరు గోవర్ధన్. తండ్రి పేరు పెంటప్ప. రంపం పట్టినోడు కూలికొచ్చినోడు, ఆయన పేరు గూడ చెప్పుత. ఎన్కనుండి కోయించినోడు ఈయన."

పెన్ను కదులుతోంది. గోవర్ధన్ సేఠ్ దాని వంకే చూస్తున్నాడు. తను తవ్విన గోతికి తనే కొలత ఇచ్చినట్టయింది.

"చూడమ్మ" అంది దీపాలి. "మాల్కిన్‌వు గనక కేసు నీ మీద గూడ పడుతది. ఇడిచిపెట్టరు. నర్సమ్మకు నువ్వు గూడ జవాబు చెప్పాలె."

కళావతి తలూపింది.

"చెప్పుత. ఆమె మంచం కాడ కూసోని చెప్పుత. ఏం ఇయ్యుమన్నా ఇస్త. కోసుడు చూసుకుంట ఊకున్న గద, నాది గూడ తప్పే." ఒక్కసారి మొగుడి వైపు తిరిగింది. "ముందుగాల ఈయనను ఎక్కించుండ్రి."

అని, తనే వెళ్లి జీపు వెనక తలుపు తెరిచి పట్టుకుంది.