నీలిచుక్క వెలగని చోట

"ఈ పడవ తిరగబడితే మనల్నెవరు తీస్తారండీ?" అంది నూకరత్నం, పడవ ఇంకా కదలకముందే.

కోపెన్‌హాగెన్ కాలవలో నీళ్ళు నిదానంగా గట్టును తడుతున్నాయి. పడవకు సరంగు లేడు. తన దారి తనే చూసుకునే ఆ స్వయంగామిలో కూర్చున్నవాళ్ళంతా ఒడ్డునున్న రంగురంగుల పాత ఇళ్ళకేసి చూస్తున్నారు. నూకరత్నం మాత్రం చీర మీద రెండు స్వెట్టర్లు తొడుక్కుని, సీటు కింద చెయ్యి పెట్టి లైఫ్ జాకెట్ ఉందో లేదో తడుముతోంది.

"ఏం కాదు రత్నం. ఇక్కడ లోతెక్కువ లేదు. నువ్వు హాయిగా కూర్చో."

గొంతు ఆవిడ భర్త సింహాద్రిదే. మాట మాత్రం ఆయనది కాదు. ఆయన పెదాలు కదల్లేదు. కాలరుకు గుచ్చుకున్న చింతగింజంత బిళ్ళ మీద నీలిచుక్క ఒకటి వెలిగి ఆరింది.

దాని పేరు మారుపలుకు. అది లోకంలోకి వచ్చి పదేళ్ళు కావస్తోంది. మనిషి గొంతునూ, మాటతీరునూ కొన్నాళ్ళపాటు విని నేర్చుకుంటుంది. ఆ తరవాత ఇంట్లోవాళ్ళు అడిగే ప్రశ్నలకు ఆ మనిషి తరఫున అదే జవాబు చెబుతుంది, రోజూ అడిగేవి అదే అడుగుతుంది. తిన్నావా, ఎక్కడున్నావు, ఎప్పుడొస్తావు, గ్యాస్ కట్టావా అన్నవే ఇళ్ళలో మాట్లాడుకునే మాటల్లో ముప్పాతిక వంతని దాన్ని తయారుచేసినవాళ్ళు తేల్చారు. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పలేక విసుగు, ఆ విసుగులోంచి తగవు పుడుతున్నాయన్నారు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఇళ్ళలో అరుపులు నిజంగానే తగ్గాయి. మాట్లాడుతున్నది యంత్రమని ఎదుటివాళ్ళకు తెలియాలి కాబట్టి నీలిచుక్క వెలిగి తీరాలని చట్టం చేశారు. అడిగిందేమిటో, తన తరఫున చెప్పిందేమిటో సొంతదారుకీ తెలియాలి కాబట్టి ఆ రెండూ అక్షరాలై అతని కళ్ళద్దాల మూలన కనబడతాయి.

మొదట్లో నూకరత్నం మురిసిపోయింది. కాకినాడ రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో, హోరెత్తే కంప్రెసర్ల మధ్య సగం జీవితం గడిపిన సింహాద్రికి ఇంటికొచ్చేసరికి ఓపిక ఉండేది కాదు. ఆవిడ నోరు తెరిస్తే చాలు, "నీ నోట ఒక్క మంచిమాట రాదా?" అని కసిరేవాడు. మారుపలుకు కసరదు. ఎన్నోసారి అడిగినా మొదటిసారి అడిగినట్టే "ఏం కాదు రత్నం" అంటుంది. ఆవిడ కోరుకున్న వరమే అది.

సరదా పడి తనూ ఒకటి పెట్టుకుంది. ఓ పూట భోజనాల దగ్గర తన బిళ్ళ "మందేసుకున్నారా?" అని అడిగింది. ఆయన బిళ్ళ "వేసుకున్నా, నువ్వు తిను" అంది. మనుషులిద్దరూ నోట్లో ముద్దలు పెట్టుకుని, పక్కింటివాళ్ళ మాటలు వింటున్నట్టు కూర్చున్నారు. నూకరత్నం బిళ్ళ పీకి పోపులడబ్బాలో పడేసింది. మళ్ళీ తియ్యలేదు.

ఆయన మాత్రం తన బిళ్ళ తీసెయ్యలేదు సరికదా, ఈ రెండుమూడేళ్ళలో ఆయన నోట సొంతమాట రావడమే గగనమైపోయింది. పడవలు మునుగుతాయనీ, విమానాలు కూలతాయనీ, కూతురు మెట్ల మీంచి జారుతుందనీ నూకరత్నం రోజంతా పైకే భయపడుతుంది. పైకి అనని భయం ఒక్కటే ఉంది. ఈ మనిషికి నా మీద విసుగు పుట్టిందేమో. కసిరేపాటి విసుగు కూడా దాటిపోయిందేమో.

పడవ దిగి రోడ్డెక్కారో లేదో, వెనకనుంచి సైకిల్ బెల్లు గణగణా మోగింది. సింహాద్రి పక్కకు జరగలేదు. నేరుగా సైకిళ్ళ దారిలోకి నడిచాడు. నూకరత్నం చొక్కా పట్టుకు లాగకపోతే సైకిల్ మీది పొడుగాటి పిల్ల ఆయన్ని గుద్దేసేదే. ఆ పిల్ల ఆగి, తన భాషలో నాలుగు వడ్డించి పోయింది.

"చూశారా! ధ్యాసెక్కడుందండీ మీకు? ఊరు కాని ఊళ్ళో కాలో చెయ్యో విరిగితే?"

"ఏం కాలేదు రత్నం. జాగ్రత్తగానే ఉన్నాను," అంది నీలిచుక్క.

"నాన్నా, ఎర్రగీత దాటకు. అది సైకిళ్ళది," అంది వెనకే వస్తున్న కూతురు లహరి.

"అలాగే తల్లీ," అంది మళ్ళీ నీలిచుక్క.

"నీకు జవాబు చెప్పింది మీ నాన్న కాదే," అంది నూకరత్నం.

"ఎవరు చెబితేనేంటమ్మా? నాన్న చెప్పేదీ అదేగా." లహరి నవ్వేసింది. విశాఖలో ఉద్యోగం చేస్తున్న ఆ పిల్లే పట్టుబట్టి ఈ ప్రయాణం పెట్టింది. దాని ఈడువాళ్ళెవరూ చుక్క వెలిగిందా లేదా అని చూడరు.

అక్కణ్ణుంచి నార్వే వెళ్ళాక ఓస్లో హోటల్లో గుమాస్తా నూకరత్నాన్ని భర్త పేరడిగాడు. ఆవిడ తల వంచుకుని లహరి వచ్చేదాకా అలాగే నిలబడింది. మొగుణ్ణి పేరు పెట్టి పిలిస్తే ఆయుష్షు తగ్గుతుందని వాళ్ళ అమ్మమ్మ చెప్పింది. ఇప్పుడెవరికీ ఆ పట్టింపు లేదు. అయినా ఆయన ఆయుష్షు విషయంలో పంతానికి పోయే ధైర్యం ఆవిడకెక్కడిది?

మర్నాడు బెర్గెన్ వెళ్ళే రైలెక్కారు. పైకి వెళ్ళేకొద్దీ చెట్లు పోయి, రాళ్ళూ మంచూ మిగిలాయి. నూకరత్నం కాజాల డబ్బా తీసి అందరికీ పెట్టింది.

"చూడండి, మీ ఫ్యాక్టరీ ఐసంతా ఇక్కడే పారబోశారు," అంది, కిటికీలోంచి మంచు చూపిస్తూ.

లహరి పకపకా నవ్వింది. కాసేపాగాక, ఎవరో గుర్తుచేసినట్టు సింహాద్రి కూడా నవ్వాడు. ఆ ఆలస్యం నూకరత్నానికి ముల్లులా గుచ్చుకుంది.

"రేపటిదే అసలు సంగతి," అంది లహరి. "స్తిల్లె ఫియర్డ్. రెండు కొండల మధ్య సముద్రం లోపలికి చొచ్చుకొచ్చి ఉంటుంది. హిమానీనదాలు కరిగాక అక్కడో కొండకు పగుళ్ళొచ్చాయట. కొండ లోపల చప్పుళ్ళు వినడానికి పరికరాలు పాతారు. వాటికి అడ్డొస్తాయని ఆ నీళ్ళలోకి మారుపలుకులూ, అద్దాలూ, ఏవీ రానివ్వరు. అన్నీ ఒడ్డునే ఇచ్చెయ్యాలి."

"పగిలే కొండ కిందకి తీసుకెళ్తావంటే మమ్మల్ని? మతుండే మాట్లాడుతున్నావా?"

"కదిలేముందు వాళ్ళకి తెలిసిపోతుందమ్మా. అప్పుడు పడవలే వదలరు."

"వద్దు!"

రైలుపెట్టెలోవాళ్ళంతా తిరిగి చూశారు. అన్నది సింహాద్రి. చుక్క వెలగలేదు. ఆయనే, నోరు తెరిచి, అంత గట్టిగా.

"ఆ ఫియర్డుకి వద్దు. బెర్గెన్‌లోనే ఉందాం." ఈసారి గొంతు మరీ తగ్గిపోయి గొణుగుడైంది.

నూకరత్నం చేతిలో కాజా అలాగే ఉండిపోయింది. ఎన్నాళ్ళకు సొంతంగా మాట్లాడాడు! ఆ మాట కూడా ఇది. యంత్రం లేకుండా తనతో ఒక్క పూట గడపాల్సొస్తుందనేగా ఈ మనిషి ఇంత బెదిరిపోయింది?

"వెళ్దాం," అంది.

"ఏంటీ? పగిలే కొండ కిందకి నువ్వొస్తావా?" లహరి కళ్ళు పెద్దవి చేసింది.

"వస్తాను. కొండ కూలితే కూలనీ. నాకక్కడ పనుంది."

మర్నాడు ఫియర్డు రేవులో మబ్బు కొండల నడుముదాకా దిగి ఉంది. ఆ పగుళ్ళ కొండను కనిపెట్టుకునుండే కొండకాపు ఒకావిడ, ముసలిదే కానీ నిటారుగా ఉంది, ఉన్ని పరిచిన బుట్ట పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరా ఆగుతోంది. లహరి తన బిళ్ళా అద్దాలూ తీసి వేసి, చన్నీళ్ళు చల్లినట్టు కళ్ళు ఆర్పింది. సింహాద్రి బిళ్ళ ఇచ్చాడు. అద్దాలు వదల్లేదు.

"చూపానదు," అన్నాడు గట్టిగా.

లహరి ఆయన జేబులోంచి మామూలు అద్దాలు తీసి అందించింది. ఇక సాకు లేకపోయింది. తాకట్టు కొట్టులో పుస్తెలు తీసిచ్చే ఇల్లాలిలా, చూపు మరల్చకుండా, ఆ అద్దాలు బుట్టలో పెట్టాడు.

పడవ చప్పుడు లేకుండా కదిలింది. అటూ ఇటూ నల్లటి కొండలు నిట్టనిలువుగా నీళ్ళలోకి దిగిపోయాయి. వాటి మీంచి జలపాతాలు దారాల్లా వేలాడుతున్నాయి. యాత్రికులు ఒకరి మొహాలొకరు చూసుకుంటూ, ఏం మాట్లాడుకోవాలో తెలియనట్టు నవ్వుకుంటున్నారు. నూకరత్నం పైనున్న కొండకేసి ఒక్కసారి చూసి, ఇక చూడకూడదనుకుంది. ఇప్పుడావిడ భయం కొండ గురించి కాదు.

సింహాద్రి చివరి బల్ల దగ్గర అంచు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆవిడ వెళ్ళి ఆయన వెనగ్గా, మోచేతి దూరంలో నిలబడింది.

"ఏవండీ, మీతో ఓ మాట," అంది. "ఇప్పుడిక మీ తరఫున చెప్పడానికెవరూ లేరు. మీరే చెప్పండి. నామీద విసుగొచ్చిందా మీకు?"

ఆయన జలపాతం కేసి చూస్తున్నాడు.

"నేను వాగుతానని నాకూ తెలుసు. తెల్లారి లేస్తే ఏదో ఒక భయం. మీరు కసిరినప్పుడే నయం, మనిషి పక్కనున్నాడనిపించేది. చెప్పండి. ఏదైనా పడతాను."

ఆయన జేబురుమాలు తీసి, అద్దాల మీద పడిన తుంపర తుడుచుకుంటున్నాడు.

"రాలేదని అబద్ధమైనా ఆడొచ్చుగా," అంది. అయితే అంతేనన్నమాట. ఇన్నేళ్ళూ పైకనని మాటే నిజమన్నమాట. ఇంటికెళ్ళాక ఎలా ఉండాలి, లహరికేం చెప్పాలి, ఈ మొహం ఎక్కడ దాచుకోవాలి అని ఆవిడ మనసు అప్పుడే కాకినాడదాకా పరిగెత్తింది.

వాళ్ళ వెనక కొండకాపు మనిషెత్తు కర్రబూర ఒకటి తీసి పెదాలకానించింది. ఆ కేక కొండకు తగిలి తిరిగొచ్చే తీరును బట్టి పగుళ్ళు పెరిగిందీ లేనిదీ తెలుస్తుందని రేవులోనే చెప్పారు. నూకరత్నం ఆ సంగతే మరిచిపోయింది.

బూర ఒక్కసారిగా గావుకేక పెట్టింది. ఎవరిదో పసిబిడ్డ ఏడుపందుకుంది. రాళ్ళ మీది పక్షులు గుంపుగా లేచాయి. కొండ మీదపడిందనే అనుకుని నూకరత్నం "అమ్మో!" అని బిగుసుకుపోయి భర్త వైపు చూసింది.

ఆయన అద్దాలు తుడుచుకుంటున్నాడు.

చెయ్యి ఆగలేదు. రెప్ప కదల్లేదు. కొండ ఆ కేకను తిరిగి పంపింది, ఎదుటి కొండ మళ్ళీ పంపింది. ఆయన ఒక్కో అద్దాన్నీ వెలుతురుకెత్తి నిదానంగా చూసుకుంటున్నాడు.

సైకిల్ బెల్లు గుర్తొచ్చింది. ఆలస్యంగా వచ్చిన నవ్వు గుర్తొచ్చింది. రైల్లో ఆ పెనుకేక. తెలుసుకోవడానికి నూకరత్నానికి ఒకటే దారి తోచింది. అమ్మమ్మకు మనసులోనే దణ్ణం పెట్టుకుని, కళ్ళు మూసుకుని, గట్టిగా పిలిచింది.

"సింహాద్రీ!"

"అమ్మా!" అని నోరు నొక్కుకుంది లహరి. పడవంతా తిరిగింది. కొండ కూడా "ద్రీ, ద్రీ" అంటూ పిలిచింది.

పిలిపించుకున్న మనిషి తప్ప అందరూ తిరిగారు.

లహరి లేచొచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది. "మొన్న ఆఫీసు గొడవంతా నాన్నకి చెప్పి ఏడ్చానమ్మా. ఎంత బాగా ఓదార్చాడనుకున్నావు? నా గొంతే వినలేదా నాన్న? చుక్క వెలిగిందో లేదో కూడా నేను..."

మారుపలుకు చేసినవాళ్ళు అన్నిటికీ జవాబులు నేర్పారు దానికి. వినడం మానేసిన మనిషికీ, వినలేకపోతున్న మనిషికీ తేడా పక్కవాళ్ళకు తెలియకుండా పోతుందన్న ఆలోచన వాళ్ళకు వచ్చి ఉండదు. మూడేళ్ళ కిందటి గొంతుతో అది "ఏం కాదు" అంటూ ఉంటే, దాని వెనకాల ఓ మనిషి అద్దాల్లో అక్షరాలు చదువుకుంటూ మెల్లగా నిశ్శబ్దంలోకి దిగిపోయాడు.

నూకరత్నం భర్త భుజం పట్టి తనవైపు తిప్పుకుంది. పెదాలు కనబడేలా, ఒక్కో మాటా విడదీసి అడిగింది.

"మీకు... వినబడటం... లేదా?"

ఆయన ఆ పెదాలను చూశాడు. కూతురి కళ్ళు చూశాడు. తరవాత తల దించుకున్నాడు.

పడవ పగుళ్ళ కొండ నీడలోకి జరిగింది. చలి ఒక్కసారి పెరిగింది. పైన కొండ ఉన్నమాట నూకరత్నానికి గుర్తులేదు. ఏమిటండీ అని రెట్టించలేదు, డాక్టరనలేదు, దేవుడనలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, మౌనాన్ని మాటతో పూడ్చకుండా, ఆయన చెయ్యి పట్టుకుని ఊరికే నిలబడింది. జలపాతం ఒకటి దాటిపోయింది. ఇంకొకటి కూడా దాటింది. ఆయన కాలరు మీద వెలగడానికి ఏ చుక్కా లేదు.

చివరికి ఆయన మాట్లాడాడు. ఆ గొంతు ఆవిడకు అలవాటైన గొంతు కాదు. బొంగురుపోయింది, వయసైపోయింది, ఎంత గట్టిగా మాట్లాడుతున్నాడో తెలియని మనిషి గొంతు. పడవ ఆ చివరిదాకా వినబడింది.

"చీకట్లో నువ్వు పిలిస్తే నాకు తెలీదు రత్నం. అదే నా భయం."