దయచేసి లైన్‌లోనే ఉండండి

“కాస్త ఊపిరి ఆపుతారా?”

గిటారు టీచర్‌తో అతను అన్న మొదటి మాట అది. పలకరింపు లేదు, మంచినీళ్లు కావాలా అని అడిగింది లేదు. లాండ్రీ షాపు పైన, గోడల నిండా గుడ్ల అట్టలు అంటించిన ఆ గదిలో ఆమె అప్పుడే గిటారు ఒళ్లోకి తీసుకుంది. అతను మోకాళ్ల మీద కూర్చుని గిటారుకీ మైకుకీ మధ్య దూరం టేపుతో కొలుస్తున్నాడు.

“ఎంతసేపు ఆపాలి?”

“మీరు ఊపిరి తీసుకున్నప్పుడల్లా గిటారు అర అంగుళం ముందుకొస్తోంది. లెక్క తప్పుతోంది.”

“నేను పోయాక వాయించేదెవరు, మీరా?”

మెడలో దర్జీ టేపు లేకుండా అతన్ని చూసినవాళ్లు లేరు. అందుకే ఆ వీధిలో అందరూ అతన్ని టేపు అనే పిలుస్తారు. సౌండ్ ఇంజినీర్. ఇంట్లో వాళ్లమ్మ టీవీ చూడాలన్నా, కుర్చీ ఎక్కడ వేసుకోవాలో ఇతన్ని అడిగి వేసుకోవాలి. వింటే అక్కడి నుంచే వినాలి, లేకపోతే ఆ సీరియల్లో ఏడుపు సమంగా రాదు.

ఇంతకీ వచ్చిన పని ఏమిటంటే, ఒక వాషింగ్ మెషీన్ల కంపెనీకి రెండు నిమిషాల సంగీతం. మెషీన్ పాడైందని ఫోన్ చేసినవాళ్లని “దయచేసి లైన్‌లోనే ఉండండి” అని నిలబెట్టి వినిపించేది. వినేది ఫోన్లో, అదీ ఒక్క చెవితో. అయినా మనవాడు రెండు చెవులకీ వేరువేరుగా వినపడేలా స్టీరియోలోనే తీస్తానని కూర్చున్నాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది వ్యవహారం.

ఆమెకు మాత్రం అది నవ్వులాట కాదు. సొంతంగా కట్టిన బాణీని ఒకరు అడిగి తీసుకోవడం అదే మొదలు. ఇది నెగ్గితే ఇంకో నాలుగు పనులు వస్తాయి. నెగ్గకపోతే నెలాఖరుకల్లా నాన్న స్నేహితుడి ఆఫీసులో ఫైళ్ల ముందు కూర్చుంటానని నాన్నకి మాటిచ్చింది.

గిటారు కన్నానికి ఎదురుగా మైకు పెడితే బావిలోంచి ఎవరో పిలుస్తున్నట్టు గుబగుబలాడింది. తీగలు ముగిసే చోట పెడితే గోరుతో రేకు గీకినట్టుంది. గంటన్నర గడిచింది. కింద లాండ్రీవాళ్లు భోజనానికి యంత్రాలు ఆపారు. ఆ గంటే రికార్డింగుకు దిక్కు.

“ఒక్క మైకు పెట్టి కానివ్వచ్చు కదా?”

“మరి మీకు రెండు చెవులెందుకున్నాయి?”

“ఒకదాంతో విని ఇంకోదాంతో వదిలేయడానికి. రెండోదాని ఉపయోగం మీ దగ్గరికొచ్చాకే తెలిసింది.”

చివరికి పెన్సిళ్లంత సన్నటి మైకులు రెండు తెచ్చి, తలలు రెండూ ఒకచోట చేర్చి, ఒకటి గిటారు మెడవైపూ ఒకటి పొట్టవైపూ చూసేలా నిలబెట్టాడు.

“పెళ్లిచూపుల్లో గొడవపడ్డవాళ్లలా అటొకరు ఇటొకరు చూస్తున్నారేమిటి?” అని ఆమె పకపకా నవ్వింది.

రికార్డింగ్ మెషీన్ దగ్గరికి చేరి బటన్లు సరిచూసుకుంటున్న అతను ఆ నవ్వుకి గిరుక్కున తిరిగాడు. ఏదో మోచేతికి తగిలింది. ఏం తగిలిందో చూసుకునే స్థితిలో లేడు పాపం.

ఆమె వాయించింది. తర్వాత అతను ఆమెకి హెడ్‌ఫోన్లు పెట్టి, గర్వంగా చేతులు కట్టుకున్నాడు.

“చూశారా ఆ వెడల్పు! గోడలు పక్కకి జరిగిపోయినట్టు లేదూ?”

“కాస్త కళ్లు తిరుగుతున్నట్టుందండీ.”

“అదే స్టీరియో అంటే!”

పదిరోజుల తర్వాత జోరున వాన కురుస్తుంటే, ఆమె గొడుగు మూయడం కూడా మరచి గదిలోకి వచ్చేసింది. చేతిలో కంపెనీ మేనేజర్ రాసిన ఉత్తరం. ఆమె సంగీతం వేసిన దగ్గర్నుంచీ ఫిర్యాదులు సగానికి తగ్గాయట. ఇంకో మూడు కంపెనీలు అదే కావాలంటున్నాయట.

“అంతా మీ వెడల్పు మహిమే!” అని ఆమె అతని చెయ్యి పట్టుకుని ఊపేసింది. ఇద్దరి మధ్య ఎన్ని అంగుళాలున్నాయో ఆ పూట అతను కొలవలేదు. రేపు ఎలాగైనా మనసులో మాట చెప్పేయాలని మాత్రం గట్టిగా అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె నాన్న వచ్చాడు. వాచీలు బాగుచేసే మనిషి. చెవి దగ్గర పెట్టుకుని వింటే ఏ వాచీకి ఏ రోగమో చెప్పేస్తాడని పేరు. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు.

“బాబూ, నువ్వు సౌండు మనిషివి కదా. కాస్త నా చెవులు చూడు.”

“నేను డాక్టర్ని కాదండీ...”

“డాక్టర్ దగ్గరికెళ్తే వీధంతా తెలుస్తుంది. చెవుడొచ్చినవాడికి వాచీ ఎవరిస్తారు చెప్పు? అమ్మాయి పాట విందామని ఆ కంపెనీకి ఫోన్ చేశాను. నలభై నిమిషాలు లైన్లో ఉన్నాను. ‘దయచేసి లైన్‌లోనే ఉండండి’ అనే అమ్మాయి గొంతు చక్కగా వినపడుతోంది. ఆ తర్వాత ఏమీ లేదు. ఎక్కడో దోమ మూలిగినట్టుంది, అంతే.”

“మరి మీ అమ్మాయికి...”

“అద్భుతంగా ఉందన్నాను. ఎక్కడ బాగుంది నాన్నా అంది. మధ్యలో అన్నాను.” ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “కూతురి పాటే వినపడని చెవులు ఇంకెందుకు బాబూ?”

టేపు వెంటనే తన ఫోన్లోంచి ఆ నంబరు కలిపాడు. ఆయన చెప్పింది నిజమే, దోమ. మెషీన్ దగ్గరికెళ్లి చూస్తే, రెండో మైకు మీట కింద, శబ్దాన్ని తిరగేసే బటన్, నొక్కకూడనిది, నొక్కి ఉంది. దాని ఎర్రదీపం పదిరోజులుగా వెలుగుతూనే ఉంది. ఊయలని ఒకరు నెడుతుంటే ఎదురుగా ఇంకొకరు అంతే బలంతో ఆపుతున్నట్టు, ఒక మైకు శబ్దాన్ని ఇంకో మైకు మింగేస్తోంది. రెండు చెవులకి విడివిడిగా వింటే తెలియదు. ఫోన్లో రెండూ ఒకటయ్యేసరికి పాట మాయం. ఆమెకి కళ్లు తిరిగింది అందుకే. అతను గొప్పలు చెప్పుకున్న వెడల్పు అంతా ఆ తప్పుదే.

నోరు మూసుకుంటే ఏ గొడవా లేదు. మేనేజర్ సంతోషంగా ఉన్నాడు, ఆమె అంతకన్నా సంతోషంగా ఉంది, మూడు కంపెనీలు క్యూలో ఉన్నాయి. ‘వయసు పైబడితే మామూలేనండీ’ అని ఈ పెద్దాయనతో ఒక్క మాట అంటే సరిపోతుంది. అతను ఆయన మొహంలోకి చూశాడు. ఆ ఒక్క మాటా రాలేదు.

“మీ చెవులు బంగారంలా ఉన్నాయండీ. పోయింది నా బుద్ధి.”

అంతా విన్నాక ఆయన సంతోషం పట్టలేక రెండుసార్లు చప్పట్లు కొట్టి, తన చప్పట్లు తనే విన్నాడు. తర్వాత గంభీరంగా మారిపోయాడు. “అమ్మాయికి మాత్రం నువ్వే చెప్పు.”

“మీరు చెబితే కాస్త మెల్లగా...”

“మధ్యలో బాగుందన్నవాణ్ణి. నాకు మొహం ఎక్కడుంది?”

మధ్యాహ్నం ఆమె వస్తే అతను తేలుకుట్టిన దొంగలా నిలబడి మొత్తం చెప్పేశాడు. ఆమె వెంటనే మేనేజర్‌కి ఫోన్ చేసి, స్పీకర్లో పెట్టింది.

“సార్, నా పాట ఎవరికీ వినపడటం లేదట. కొత్తగా తీసి పంపిస్తాను.”

“అయ్యయ్యో, ఆ పని చేయకండి మేడమ్! ఏమీ వినపడక, లైన్ కట్టయిందనుకుని జనం ఫోన్ పెట్టేస్తున్నారు. మా ఫిర్యాదుల విభాగం ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదు. ఇలాంటి సంగీతం ఎవరూ ఇవ్వలేదు!”

“అయితే నా పాట తీసేయండి.”

“తీసేసినా తేడా తెలీదు కదా మేడమ్.”

ఆమె ఫోన్ పెట్టేసింది. మూడు కంపెనీలూ, ముందున్న పనులూ ‘తీసేయండి’ అన్న ఆ ఒక్క మాటతో పోయాయి. ఆమె అతనివైపు తిరిగింది.

“ఆ బటన్ ఎలా నొక్కారు?”

“మీరు నవ్వారు. ఇటు తిరిగాను. మోచెయ్యి తగిలింది.”

“అంటే తప్పు నాదా?”

“కాదు. ఆడలేక మద్దెల ఓడు అనే రకం కాదండీ నేను. నవ్వు మీది, మోచెయ్యి నాది.”

ఆమె గొడుగు తీసుకుని వెళ్లిపోయింది. నాలుగు రోజులు ఫోన్ ఎత్తలేదు. ఆ నాలుగు రోజులూ అతను ఎవరి పనీ ఒప్పుకోలేదు. తప్పుకన్నా, ఆ పాటని ఆమె ఎంత ఆశగా వాయించిందో తలుచుకుంటేనే అతనికి ఎక్కువ బాధగా ఉంది.

అయిదో రోజు, లాండ్రీవాళ్లు భోజనానికి లేచే వేళకి, ఆమె నాన్నని వెంటబెట్టుకుని వచ్చింది.

“నాన్నకి నా పాట వినిపించాలి. ఒక్కటే మైకు. వెడల్పు మాట ఎత్తితే లేచి వెళ్లిపోతాను.”

అతను టేపు తీసి బల్ల మీద పెట్టాడు. ఒక చెవి వేలితో మూసుకుని, రెండో చెవిని మెల్లగా గిటారు దగ్గరికి తెచ్చాడు. ఆమె వాయిస్తూనే ఉంది. కాస్త వెనక్కి, కాస్త పక్కకి, ఆగాడు. గిటారు మెడ వచ్చి పొట్టలో కలిసే చోటికి జానెడు దూరంలో పాట మొత్తం ఉంది. సరిగ్గా అక్కడే మైకు నిలబెట్టాడు.

రికార్డు చేసిన పాటని పెద్దాయన తన పాత ఫోన్లో పెట్టించుకుని, వాచీ విన్నట్టు చెవికి ఆనించి విన్నాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి ఆయన్నే చూస్తున్నారు.

“రెండో భాగంలో కాస్త తొందరపడ్డావమ్మా,” అన్నాడాయన.

ఆమె కళ్లు నిండిపోయాయి. నాన్న మెచ్చుకున్నా ఆమెకి అంత ఆనందం కలిగేది కాదు. నాన్న విన్నాడు.

“మరి ఆఫీసులో చేరాలి కదా నాన్నా?”

“ఆ ఆఫీసులో నీ తొందరపాటు ఎవడు వింటాడు? వాడితో నేను చెప్పేస్తాలే. నువ్వు ఆ రెండో భాగం సరిచేసుకో.”

టేపు గొంతు సవరించుకున్నాడు. “నేనూ ఒకటి చెప్పాలి.”

“ఇంకో బటన్ నొక్కారా?”

“లేదండీ. మీరంటే నాకు ఇష్టం.”

సరిగ్గా అప్పుడే కింద లాండ్రీ యంత్రాలు ఒక్కసారిగా మొదలయ్యాయి. గది అదిరింది.

“ఏంటీ? వినపడలేదు!” అని అరిచింది ఆమె.

“మీరంటే ఇష్టం!”

“ఏంటీ?”

“నువ్వంటే నాకు ఇష్టం!” అని అతను మెట్ల కిందికి వినపడేలా అరిచాడు.

పెద్దాయన ఫోన్ జేబులో పెట్టుకుని లేచాడు. “నాకు మొదటిసారే వినపడింది కదే! నీకేమైందే అమ్మా?”

“నాకూ మొదటిసారే వినపడింది నాన్నా,” అంది ఆమె, అతన్నే చూస్తూ. “మళ్లీ చెబుతాడేమోనని.”