చేయూతకు తెలిసిన నొప్పి

"తోతాపురి మాగిందా?"

"ఇంకా కాయే."

కోడ్‌వర్డ్స్ కలిశాయి. నుదుట తిరునామంతో, గుడి గుమాస్తా వేషంలో ఉన్న గూఢచారి డిపార్ట్‌మెంటు చీఫ్ శఠగోపం ఇడ్లీ ప్లేటు పక్కకు జరిపాడు.

"చేయూత. పక్షవాతం వచ్చినోళ్ల చేతిని కదిలించే రోబో. మన తిరుపతిలోనే చేసినారు. రోగి చెయ్యి బిగిస్తే పట్టు సడలిస్తుంది. నొప్పని కేకేస్తే ఆగిపోతుంది. రేపు పదింటికి డెమో. దాంతోనే రోగి చెయ్యి విరిపించాలని ఒక విదేశీ ముఠా సూస్తాండాది. విరిగిందా, మన డిజైన్ చెత్తబుట్టకు, వాళ్ల రోబోలు మార్కెట్‌కు."

"నా వేషం?" ఏజెంట్ మునిప్రసాద్ ఆశగా అడిగాడు.

"అటెండర్. మన ఇంకో ఏజెంట్ రూపేష్‌ది శ్రీ సిటీ ఇన్వెస్టర్ వేషం. సూటు, కారు."

మునిప్రసాద్‌కు కడుపు భగ్గుమంది. పోయిన మిషన్‌లోనూ సూటు రూపేష్‌దే, చీపురు తనదే.

మర్నాడు తొమ్మిదింటికి రిహార్సల్. బంగారుపాళ్యం మామిడి రైతు చెంగమ్మను మునిప్రసాద్ చక్రాల కుర్చీలో తీసుకొచ్చి చేయూత పక్కన కూర్చోబెట్టాడు. పక్షవాతంతో ఆమెకు కుడిచెయ్యి, మాట రెండూ పడిపోయాయి. ఎడమచేత్తో అతని వేలు గట్టిగా పట్టుకుంది. చేయూత ఆమె కుడిచేతిని కదిలించసాగింది.

"ఏమబ్బా, ఈ వైరు యాడ పెట్టేది?" అని మునిప్రసాద్ ఎలక్ట్రీషియన్‌ను అడిగాడు. చేయూత ఠక్కున ఆగింది.

"మళ్లీ మొరాయించింది!" పల్లవి విసుక్కుంది. ఆమె డెమో మేనేజర్. విదేశంలో పెరిగింది. లోపలి కబుర్లు డిపార్ట్‌మెంటుకు అందించేది ఆమే. రూపేష్‌ను చూసి నవ్వింది. అది పదకొండో నవ్వు, మునిప్రసాద్ లెక్కపెట్టాడు. అతనితో మాత్రం "అటెండర్, టీ!" అంది.

డెమో మొదలైంది. రూపేష్ పల్లవి కళ్లలోకి చూస్తున్నాడు. మునిప్రసాద్ ఆమె జుంకాలను చూస్తున్నాడు, అవి రూపేష్ కొనిచ్చినవేమోనని కుళ్లిపోతూ. ఒక చెవికి జుంకా లేదు! అది చేయూత వెనక యూఎస్‌బీ పోర్టులో వేలాడుతోంది.

డబుల్ ఏజెంట్!

చేయూత చెంగమ్మ చేతిని భుజం దాకా లేపింది. ఆగలేదు. ఇంకా లేపింది. రోబోను ఆపే ఎర్ర బటన్ నొక్కినా పనిచేయలేదు. "స్టాప్! ఆపు!" అని ఎవరు అరిచినా వినలేదు. చెంగమ్మ నోరు తెరుచుకుంది, శబ్దం రాలేదు.

"ఏమబ్బా రూపేషూ! నీ నగువులు తగలెయ్య! ఆ జుంకా పెన్‌డ్రైవ్! ఆమెను పట్టుకోప్పా!" మునిప్రసాద్ అరిచాడు.

చేయూత ఠక్కున ఆగిపోయింది. మరుక్షణం పట్టు సడలించింది. రూపేష్ పల్లవి చెయ్యి పట్టుకున్నాడు.

పల్లవి తెలివైనదే. మాట రాని రోగిని ఎంచుకుంది. రోబోకు తెలిసిన మాటల్లోంచి 'స్టాప్', 'ఆపు' తుడిచేసింది. 'అబ్బా' మాత్రం ఇక్కడి మగవాళ్ల పిలుపే కదా అని వదిలేసింది. చేయూతను చేసినవాళ్లు మాత్రం దాన్ని ముందే నొప్పి కేకల్లో రాసి ఉంచారు.

చెంగమ్మ చెయ్యి క్షేమం. ఇంజనీర్లు రోబోను సరిచేశారు. అది మళ్లీ ఆమె చేతిని మెల్లగా కదిలిస్తుండగా, పక్కనే ఉన్న మునిప్రసాద్‌కు చీఫ్ ఫోన్ చేశాడు.

"రూపేష్ పట్టినాడంట గదా! మెడల్ వానికే. అవునూ, జుంకా మీద నీ కన్నెట్ల పడిందప్పా?"

"కుళ్లుతో సార్."

"మంచిది. తరువాతి మిషన్ మలేషియాలో. రూపేష్ పోతాండాడు."

"అబ్బా!" అన్నాడు మునిప్రసాద్.

చేయూత ఠక్కున ఆగింది. ఆ గదిలో అతని నొప్పిని పట్టించుకున్నది అదొక్కటే.