ఏడు బారల బంగారం

విశ్వపతి పంతులికి విశాఖపట్నం చరిత్రంతా కంఠోపాఠం. జీడితోట రైతు సన్యాసిని ముంచింది ఆ కంఠమే. పద్దెనిమిది వందల నాలుగులో ఫ్రెంచివాళ్ల ఓడలు ఈ రేవు మీదికొచ్చి ఇంగ్లీషువాళ్లతో పోరాడాయని చెబితే, ఐదో తరగతిలో బడి మానేసినవాడు కాదనగలడా? ఆ ఓడల బంగారం యారాడ కొండ గుహలో ఉందన్నాడు పంతులు. రుజువుగా, కోటవీధిలో కూల్చేసిన ఓ పాతింట్లో దొరికిన గుడ్డ పటం చూపించాడు. రేవు పక్కనున్న మూడు కొండలు, వాటి మీద గుడి, దర్గా, చర్చి. మూడింటి నుంచీ గీతలు. గీతలు కలిసిన చోట ‘బంగారం, ఏడు బారలు’ అని రాత. ఆ చోటు యారాడ గుహేనని పంతులు లెక్క. పడవకీ, తాళ్లకీ, పంతులు సొంత ఖర్చులకీ సన్యాసి జీడితోట తాకట్టు పెట్టాడు. గడువు ఎల్లుండితో సరి.

డెబ్బై ఏళ్ల జాలరి ఎర్రయ్య వాళ్లిద్దరినీ గుహ మూతి దగ్గర దింపాడు.

“పటం వాడికి చూపించకు. వాటా అడుగుతాడు,” అని పంతులు ముందే సన్యాసి చెవిలో ఊదాడు.

“మద్దేనం దాటితే పోటొచ్చేత్తది బాబూ. నాను కేకేత్తే ఉన్నపళంగా ఒచ్చీయాల,” అన్నాడు ఎర్రయ్య.

లోపల గబ్బిలాల కంపు. పాచి పట్టిన బండల మీద కాలు నిలవదు. చేతులు రెండూ చాచినంత పొడవు ఒక బార. సన్యాసి గోడ వెంట అలా ఏడుసార్లు కొలిచి, అక్కడ గునపం దించాడు. రెండు గంటలు తవ్వితే పీతడొప్పలు, నల్లరాయి తేలాయి. అరచేతులు బొబ్బలెక్కాయి.

“ఇంకాస్త లోతుకి,” అన్నాడు పంతులు దీపం పట్టుకుని.

“తవరూ ఓ దెబ్బెయ్యండి పంతులు గారూ.”

“నా నడుం సంగతి నీకు తెలియందేముంది?”

బయట ఎర్రయ్య కేక వేశాడు. ఆ వెనకే అల గుహలోకి దూరింది. దీపం ఆరిపోయింది. రెండో అల పంతుల్ని బండ మీంచి ఈడ్చుకుపోతుంటే సన్యాసి గునపం వదిలేసి అతని చొక్కా దొరకబుచ్చుకున్నాడు. ఛాతీ లోతు నీళ్లలో, రాళ్లకి ఒళ్లు చీరుకుపోతుండగా, ఎర్రయ్య విసిరిన తాడు చేతికి తగిలింది.

పడవెక్కాక పంతులు తడిసిన పటాన్ని ఎండకి పరిచాడు. ఇక దాచే ఓపిక ఎవరికీ లేదు. ఎర్రయ్య తెడ్డు ఆపి వంగి చూశాడు.

“ఇది మావోళ్లు గీయించుకున్నది గదా. సముద్రంలో ఏ కాడుంటే ఈ మూడు కొండలూ ఇలగ కనపడతాయో, ఆ కాడ వలెయ్యాల. ఏడు బారలంటే నీటి లోతు. సేప బోల్డు పడీదని ఆ సోటుకి బంగారమని పేరెట్టీనారు మా తాతలు.”

“ఇప్పుడు పడదా బాబాయ్?” అన్నాడు సన్యాసి.

“ఇప్పుడది పెద్దోడల దారి. వలేత్తే కోసుకుపోద్ది. ముందే సూపిత్తే సెప్పుదును గదా బాబూ, ఇంత దూరం ఏల?”

పంతులు కళ్లజోడు తుడుచుకున్నాడు. “అయినా సన్యాసీ, చరిత్రకి ఇది అరుదైన ఆధారం.”

సన్యాసి కొండ మలుపు దాటేదాకా బొబ్బల చేతులు ఉప్పునీటిలో ఆడిస్తూ కూర్చున్నాడు.

గడువు తీరిన మర్నాడు పొద్దున్నే తోట అప్పిచ్చినవాడి చేతికి పోయింది. ఎనభై మూడు సెంట్లు. అందులో కాపుకొచ్చిన జీడిచెట్లు యాభై ఎనిమిది.