ఎడమ కాలికి కట్టు

ఆ సాయంత్రం ఇంట్లో ఉన్నది అయిదుగురు. స్టేషన్ మాస్టరైన నాన్న, కాఫీ కలుపుతున్న అమ్మ, తలుపు పక్క కుర్చీలో నానమ్మ, డిగ్రీ పూర్తిచేసి బ్యాంకు పరీక్షలకు చదువుతున్న చిన్ని, ఆమె ఎదురుగా ఫారం పట్టుకుని రైల్వే ఇంజనీరు.

తుఫానుల కాలం రాకముందే ప్రతి స్టేషన్లోనూ మాక్ డ్రిల్ పేరుతో ఓ ఉత్తుత్తి ప్రమాదం జరిపించడం అతని పని. పొద్దున ఇక్కడ జరిగింది. గాయపడ్డ ప్రయాణికురాలి వేషం చిన్నిది. మెడలో అట్ట వేలాడదీశారు: ‘కుడి కాలు విరిగింది.’

కట్టు ఇంజనీరే కట్టాడు. ఎడమ కాలికి.

"అదీ..." అని చిన్ని నోరు తెరవబోయింది.

"మీరు స్పృహలో లేరు. మాట్లాడకూడదు," అన్నాడతను.

అసలే నోట్లో నాలుక లేని పిల్ల. బుద్ధిగా కళ్ళు మూసుకుంది. ఒక కన్ను ఓరగా తెరిచి చూస్తే, అతను అట్టని వదిలేసి ఆమె ముఖమే చూస్తున్నాడు. ఆ పైన దుప్పటి కప్పేశారు. పొరపాటు ఎవరి కంటా పడలేదు.

ఇప్పుడు ఫారంలో ‘గాయపడ్డవారి అభిప్రాయం’ అన్న గడి నింపాలి. బాగుందని రాస్తే అతను రేపటి బండికి వెళ్ళిపోతాడు. ఉన్నది రాస్తే అతనికి పైవాళ్ళ చీవాట్లు, వచ్చే వారం డ్రిల్ మళ్ళీ మొదటినుంచి.

"బాగుందని రాసెయ్యి చిన్నీ," నాన్న తొందరపెట్టాడు. "ఆ సైరన్ మోత మళ్ళీ వినడం నా వల్ల కాదు."

చిన్ని పెన్ను కొరుకుతూ కూర్చుంది. అతన్ని మళ్ళీ రప్పించడానికే రాస్తే తప్పే. కానీ నిజం తుఫానులో, నిజంగా విరిగిన కాలైతే?

గబగబా రాసేసింది: ‘కుడి కాలు విరిగితే ఎడమ కాలికి కట్టారు.’

చదివి అతని చెవులు ఎర్రబడ్డాయి. "అప్పుడే చెప్పొచ్చుగా?"

"స్పృహలో లేను కదండీ."

వంటింట్లో అమ్మ కిసుక్కున నవ్వింది. అతను ఆ వాక్యం కిందే సంతకం పెట్టాడు.

"అయితే వచ్చే వారం మళ్ళీ రావాలి."

"రావాలి."

"అప్పుడూ తప్పు కడితే?"

"అప్పుడూ ఉన్నదే రాస్తాను."

"అంటే నేను ఇలా వస్తూనే ఉండాలంటారా?"

చిన్ని చూపు నేలకు వాలింది. "అది... ఫారంలో అడగలేదండీ."

"తుఫాను వచ్చి పోతుంది గానీ వీళ్ళ సంగతి తేలదు," అంది నానమ్మ.

"తేలాల్సింది ఏముందమ్మా?" అన్నాడు నాన్న.

"నీకు సైరన్ తప్ప ఏదీ వినపడదులే. కాఫీ తాగు."

అతను సెలవు తీసుకుని వరండాలోకి నడిచాడో లేదో చినుకులు మొదలయ్యాయి. నానమ్మ గొడుగు తీసి చిన్ని చేతిలో పెట్టింది.

"గేటు దాకా దింపి రా. అబ్బాయి అడిగినదానికి జవాబు చెప్పకుండా లోపలికొచ్చావో, చూడు మరి."

"నానమ్మా, ఉన్నది ఒకటే గొడుగు..."

"నాకు లెక్క వచ్చు," అంటూ నానమ్మ ఆమెను గడప దాటించి, తలుపు వేసేసింది.