కిటికీలో దొరసాని

"మా మార్టెన్‌ని ఎత్తుకొచ్చేశారండీ మీరు!"

తలుపు తీసిన ఇష్బెల్‌కి ముందు ఏమీ బోధపడలేదు. గుమ్మంలో పొడుగాటి కుర్రాడు. జుట్టు నిండా పైన్ ఆకులు, మొహం నిండా కోపం.

"ఎత్తుకురావడానికి అదేమన్నా సైకిలా?" అంది.

"మీ కిటికీ చూడండి!"

వంటింటి కిటికీ అంచున ఆ దొరసాని కూర్చుని ఉంది. ముంగిసలాంటి అడవి జంతువు, పిల్లికంటే సన్నం. చాక్లెట్ రంగు బొచ్చు, కుచ్చులాంటి తోక, మెడకింద మీగడరంగు మచ్చ, ఆ మచ్చలో రెండు గోధుమరంగు చుక్కలు. అమ్మమ్మ గ్రిజెల్ సాసర్లో పెట్టిన రాస్ప్‌బెర్రీ జామ్‌ని తీరిగ్గా నాకుతోంది.

కుర్రాడి పేరు లాక్లన్. లోయ దిగువన, పైన్ అడవి అంచున అతనికో చెక్కగది ఉంది. సాయంత్రాలు టూరిస్టుల్ని అందులో కూర్చోబెట్టి, అద్దంలోంచి అడవి జంతువుల్ని చూపిస్తాడు. అందరూ వచ్చేది మార్టెన్ కోసమే.

"మా వాళ్ళంతా ఖాళీ చెట్టు చూసి వెళ్ళిపోతున్నారు, మీ జామ్ పుణ్యమా అని!"

"మీదేనని పేరు రాసుందా దానిమీద?"

"మెడమీద మచ్చ ఉందిగా. ఏ రెండింటికీ ఒకలా ఉండదు. దాని పేరు డచెస్."

"ఇక్కడ దాని పేరు మిసెస్ మక్‌ఫీ. పిలిస్తే పలుకుతుంది కూడా. మిసెస్ మక్‌ఫీ!"

దొరసాని తల కూడా ఎత్తలేదు.

"గుమ్మంలో ఆ దెబ్బలాటేమిటయ్యా, చలిగాలి లోపలికొస్తోంది," అంది అమ్మమ్మ లోపల్నించి. "వచ్చి టీ తాగుతూ దెబ్బలాడు."

అతను టీ తాగాడు. వేడి స్కోన్ రొట్టెలు తింటూ దెబ్బలాడాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు, "ఇవాళా రాలేదండీ మా డచెస్," అంటూ. ఆ మర్నాడూ అంతే. ఫిర్యాదు ఎంత చిన్నదైతే స్కోన్‌లు అంత ఎక్కువ తినేవాడు.

ఇష్బెల్ ఆ వేసవికి గద్దగూడు కాపలాకి వచ్చింది. కొండమీద రాతి అంచున బంగారు గద్దల జంట ఒక్కగానొక్క పిల్లని పెంచుతోంది. ఎవరూ గూటి జోలికి పోకుండా దూరంనుంచి టెలిస్కోప్‌తో కనిపెట్టుకుని ఉండటం ఆమె పని. పిల్ల ఎగిరితే ఆ పని అయిపోతుంది. ఆ తర్వాత ఉత్తర దీవుల్లో, సముద్రపక్షుల దగ్గర ఉద్యోగం.

అలా నెల దాటాక, ఓ మధ్యాహ్నం హెదర్ పొదల్లో బోర్లా పడుకుని ఉంటే, పక్కన ఎవరో ఆయాసపడుతూ కూలబడ్డారు.

"మీ జామ్‌లో పంచదార ఎక్కువండీ. దాని పళ్ళు పుచ్చిపోతే ఎవరిది పూచీ?"

"ఈ మాట చెప్పడానికి కొండెక్కొచ్చారా?"

"ఫిర్యాదు చల్లారిపోకూడదు కదా."

ఆమె నవ్వు ఆపుకోవడానికి టెలిస్కోప్‌లో కన్ను పెట్టింది. పెట్టిన కన్ను అక్కడే ఉండిపోయింది. గూటి అంచున పిల్ల రెక్కలు విప్పింది. ముడిచింది. మళ్ళీ విప్పింది.

"లాక్లన్, చూడండి!"

ఒకే టెలిస్కోప్, రెండు తలలు. గాలి ఒక్కసారి ఎగదన్నింది. పిల్ల అంచు మీంచి జారి, రాయిలా పడబోయి, అంతలోనే తేలింది. తడబడుతూ, ఒరుగుతూ, లోయమీదుగా సాగిపోయింది. తన చెయ్యి అతని మోచేతిని గట్టిగా పట్టుకుని ఉందని ఇష్బెల్‌కి అప్పుడు తెలిసింది.

"అయితే వెళ్ళిపోతారన్నమాట," అన్నాడతను.

"సోమవారం పడవ."

లాక్లన్ నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. 

"పోన్లెండి, జామ్ పెట్టడమైనా ఆగుతుంది."

అతన్ని కొండమీంచి కిందికి తోసేయాలనిపించింది ఆమెకి.

మర్నాడు ఊళ్ళో కొట్టుకి వెళ్తే, ఒక ముసలి దంపతులు కొట్టు ఆవిడతో ముచ్చటగా చెబుతున్నారు: నిన్న లాక్లన్ గదిలో ఎంత చక్కటి మార్టెన్‌ని చూశారో!

"ఈ నెలంతా ఒక్క సాయంత్రం తప్పలేదట," అంది కొట్టు ఆవిడ.

ఇష్బెల్ కొనడానికి వచ్చిందేమిటో మరిచిపోయింది.

ఆ సాయంత్రం చెక్కగదిలో చివరి బెంచీ మీద ఇరుక్కుని కూర్చుంది. ముందు వరసలో ఆ దంపతులే, రెండోసారి చూద్దామని. బయట ఇంకా వెలుతురుంది.

"దగ్గొద్దు, మాట్లాడొద్దు," గుసగుసగా చెప్పాడు లాక్లన్. "అదిగో డచెస్!"

మెడకింద తెల్లగా, ఒక్క చుక్కైనా లేని మచ్చ.

"ఇదెవరండీ?" అంది చివరి బెంచీ, అంతే గుసగుసగా.

లాక్లన్ చెవులు ఎర్రబడ్డాయి. వంగి నడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మీరేమిటి ఇక్కడ?"

"ఫిర్యాదు. మా ఇంట్లో తిన్నవన్నీ దొంగ స్కోన్‌లని తెలిసింది. ఎప్పట్నించి తెలుసు మీకు, అది వేరే మార్టెనని?"

"మొదటి రోజునించీ." గొంతు ఇంకా తగ్గించాడు. "డచెస్ రెండ్రోజులు రాకపోతే నిజంగానే వెతుక్కుంటూ వచ్చాను. ఆ చుక్కలు చూశాక కాదని తెలిసింది. కానీ అప్పటికే నువ్వు తలుపు తీసేశావ్."

ముందు వరసలోంచి ముసలాయన వెనక్కి తిరిగాడు. "కాస్త గట్టిగా చెప్పు నాయనా, మా ఆవిడకి వినపట్టం లేదు."

"ఆ ముక్క కొండమీద చెప్పడానికేం?" అంది ఇష్బెల్.

"నువ్వు పడవ అన్నావుగా!"

"నువ్వు జామ్ అన్నావ్!"

"వెళ్ళకు ఇష్బెల్!" ఈసారి గుసగుస కాదు.

 బెంచీలన్నీ వెనక్కి తిరిగాయి.

"చలికాలం కొండమీద కుందేళ్ళ బొచ్చు తెల్లబడ్డాక వాటిని లెక్కపెట్టడానికి మనిషి కావాలట," మెల్లిగా అంది ఇష్బెల్. "నన్నడిగారు. ఇంకా జవాబివ్వలేదు. ఎవరైనా ఉండమంటారేమోనని..."

"ఉండమన్నానుగా!"

"అయితే ఉంటా. ఇంకోటి. అమ్మమ్మ జామ్ పెట్టడం ఎప్పుడో మానేసింది. తర్వాత పెట్టిందంతా నేనే. అది రాకపోతే నువ్వూ రావేమోనని."

లాక్లన్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అద్దం అవతల డచెస్ తనకోసం పెట్టిన సాసర్ ఖాళీ చేసి, గుడ్డు నోట కరుచుకుని, చెట్టెక్కి వెళ్ళిపోయింది. చూసినవాళ్ళు లేరు.

"మార్టెన్ పోతే పోయింది," అంది ముసలావిడ కళ్ళు తుడుచుకుంటూ, "పెళ్ళికి మమ్మల్ని పిలవకపోతే మాత్రం ఊరుకోను."

ఇష్బెల్ సిగ్గుతో తల దించుకుంది. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.