పూసల్లో లయొనెల్

కాఫీ పడితే తప్ప వెర్డెల్‌కు మనుషులు మనుషుల్లా కనబడరు. ఆ ఉదయమూ చికోరీ కాఫీ కాచి, మొక్కజొన్న జావ మీద మూతపెట్టి, "ఏమే, రాణీగారికి తెల్లారిందా?" అని ముందుగదిలోకి కేకేసింది. వెళ్లి చూస్తే కూతురు షార్మెయిన్ సూది చేతిలో ఉండగానే కుర్చీలో నిద్రపోతోంది.

కార్నివాల్ పండగ దగ్గరికొచ్చింది. వాళ్లుండే ట్రెమే పేటలో ఈ రోజుల్లో సూది పట్టని ఇల్లు తక్కువ. పండగనాడు పూసలూ ఈకలూ తొడిగి నల్లవాళ్ల జట్లు పాడుకుంటూ వీధికెక్కుతాయి. ఎవరి వేషం వాళ్లే కుట్టుకోవాలి, ఆనాటి దాకా ఎవరికీ చూపకూడదు, సీజను అయిపోగానే విప్పేసి మరుసటి ఏడాదికి మళ్లీ మొదలుపెట్టాలి. వెర్డెల్ మొగుడు బతికున్నన్నాళ్లూ జట్టు నాయకుడు. ఇప్పుడు కూతురు ఆ జట్టుకు రాణి. తల్లి కంట కూడా పడకూడదని కుట్టే చట్రం మీద దుప్పటి కప్పి ఉంచేది. ఆ దుప్పటి కాస్తా జారి నేల మీద పడి ఉంది.

వెర్డెల్ దాన్ని కప్పబోయి ఆగిపోయింది. నడుముకు ముందు కట్టుకునే పూసల పటం మీద తన కొడుకు ఉన్నాడు. దుకాణం గుమ్మంలో, రెండు చేతులూ పైకెత్తి, కాళ్ల దగ్గర పాలడబ్బాతో.

లయొనెల్‌ను ఆ దుకాణం కాపలావాడు కాల్చి మూడేళ్లయింది. భయమేసి కాల్చానన్నాడు, కోర్టు నమ్మింది, శుభ్రంగా ఇంటికెళ్లిపోయాడు. అప్పటినుంచి వెర్డెల్ నోట కొడుకు పేరు ఒక్కసారీ రాలేదు.

"లేవే! ఏంటిది?"

షార్మెయిన్ ఉలిక్కిపడి లేచింది. "అమ్మా, నువ్వు చూడకూడదు!"

"నేను చూడకూడదు, ఊరంతా చూడొచ్చా? దారిన పోయేవాళ్లు ఫొటోలు తీసుకోడానికా వాణ్ణి కన్నాను?"

"కోర్టులో ఎవరూ వాణ్ణి సరిగ్గా చూడలేదమ్మా. వీధైనా చూడనీ."

"పూలు కుట్టుకో, పిట్టలు కుట్టుకో. ఎవరొద్దన్నారు?"

"నాన్న ఏనాడైనా పూలు కుట్టాడా? బానిసత్వం మీద ముత్తాతలు చేసిన తిరుగుబాట్లు కుట్టాడు. వాళ్ల చావులు గొప్ప, తమ్ముడి చావు సిగ్గా?"

ఆ మాటకు వెర్డెల్ చెయ్యి లేచింది. అంతలోనే దిగిపోయింది. ఆ చేత్తోనే బల్ల మీద చరిచింది.

"మీ నాన్న కుట్టినవాటిల్లో ఒక్కటి చూపించు. ఏదీ? అన్నీ ఈ బల్ల మీదే కత్తెరేసి విప్పేశాడు. రేపు దీన్నీ విప్పుతావు. ఒకసారి పూడ్చిపెట్టానే వాణ్ణి! మళ్లీ నా కళ్లముందే కళ్లూ ముక్కూ ఊడదీస్తుంటే, నీకు కాఫీ కాచివ్వాలా నేను?"

షార్మెయిన్‌కు ఈ ఆలోచనే రాలేదు. "విప్పనులే. దాచేద్దాం."

"విప్పకుండా దాచుకుంటే రాణివేంటి? మీ నాన్న పరువు తీస్తావా?"

"అయితే కట్టనే కట్టను. సరేనా?"

షార్మెయిన్ కిందపడ్డ దుప్పటి అందుకుని పటం మీద కప్పేసింది.

పండగనాడు వీధిలో డప్పులు మోగాయి. గులాబీరంగు ఈకలన్నీ తొడుక్కుని, నడుము ముందు బోసిగా, షార్మెయిన్ మంచం మీద కూర్చుంది. రాణి అలా వీధిలోకి వెళ్లదు. బయట జట్టు పేరుపెట్టి పిలుస్తోంది, ఆమె కదలదు.

వెర్డెల్ ముందుగదిలోకి వెళ్లి పటాన్ని కిటికీ వెలుగులో పట్టుకుంది. ఆరోజు కోపంలో ఆ ఎత్తిన చేతులే చూసింది. ఇప్పుడు ముఖం చూసింది. ఆవగింజంత పూసలు, గోధుమరంగులోనే ఎన్ని రకాలో! చెంప మీద వెలుగు పడిన చోట ఒకటి, మెడ కింద నీడలో ఇంకొకటి. ఎడమ కనుబొమ్మ మధ్య చిన్న ఖాళీ. పసివాడప్పుడు మెట్ల మీద పడి తెగిన చోటు అది, పేపర్లో వేసిన ఏ ఫొటోలోనూ కనబడదు. ఆ ఖాళీ కుదరడానికి కూతురు ఎన్నిసార్లు కుట్టి విప్పిందో, గుడ్డంతా సూది గుర్తులే. వెర్డెల్ వేలితో ఆ ఖాళీని తడిమింది. నా కడుపున పుట్టిన పిల్లేనా ఇది చేసింది అనుకుంది. వాణ్ణి కన్ననాడు మొదటిసారి తన ఒళ్లో పెట్టినప్పుడు ఎలా నోరు తెరుచుకుని చూసిందో, అలాగే చూస్తూ ఉండిపోయింది.

పటం తీసుకుని గదిలోకొచ్చింది. "లే. ఊపిరి బిగబట్టు" అని తన చేత్తోనే ముడి వేసింది. షార్మెయిన్ వెంట తనూ వీధిలోకి నడిచింది.

మూలమలుపులో పైపేట జట్టు ఎదురైంది. నాయకుడు ఆల్సైడ్, ఆకుపచ్చ ఈకల్లో గుమ్మం పట్టనంత మనిషి, వెర్డెల్ మొగుడితో బతుకంతా మాటల యుద్ధం చేసినవాడు. జట్లు ఎదురైతే నేను గొప్పంటే నేను గొప్పని రెచ్చగొట్టుకోవాలి, ఎవరూ తగ్గకూడదు.

"తప్పుకో పిల్లా! నా ముందు నీవీ ఈకలేనా, పీకిన కోడి..." అంటూ మొదలుపెట్టినవాడు ఆగిపోయాడు. చూపు పటం మీద నిలిచింది. చెయ్యెత్తి డప్పులు ఆపించాడు. ఏనాడూ ఎవరికీ తగ్గని ఆల్సైడ్ రెండు చేతులతో తలమీది ఈకల కిరీటం ఎత్తి తీసేశాడు.

"వదినా," అన్నాడు మెల్లగా, "వాడి పేరు నువ్వే చెప్పాలి."

వెర్డెల్ పటంలోని ముఖం వైపు చూసింది. "లయొనెల్" అంది. పక్కవాళ్లకే వినబడలేదు. గుండెలనిండా గాలి పీల్చుకుంది. "లయొనెల్! నా కొడుకు!"

ఆల్సైడ్ ఆ పేరును గొంతెత్తి అన్నాడు. డప్పులు అందుకున్నాయి. మేడల మీద జనం అందుకున్నారు. ముక్కూ మొహం తెలియనివాళ్లంతా తన బిడ్డను పేరుపెట్టి పిలుస్తుంటే వెర్డెల్ తలెత్తి అందరినీ చూసింది.

ఈకల మధ్య ఏడుస్తున్న కూతురి దగ్గరికి వెళ్లి, పక్కకు జరిగిన పటాన్ని సర్దింది.

"విప్పే రోజు నన్నూ కూర్చోబెట్టుకో" అంది చెవిలో. "ముందు ఆ చేతులు విప్పుదాం. ఎప్పట్నుంచో ఎత్తే ఉంచాడు నాయన. కాస్త దించుకోనీ."